ఐరన్‌టన్‌ని పైకి తీయకుండా ఆలిచిప్పలకి వదిలేయడమేనా?

తెరచాప_కొయ్య
అమెరికా, కెనడాల నడుమ ఉన్న అయిదు పెద్ద సరస్సుల్లో (గ్రేట్ లేక్స్) ఒకటైన హ్యూరాన్ అడుగున ఐరన్‌టన్ దొరికిందని 2023 మార్చిలో ప్రకటించారు కదా. 191 అడుగుల చెక్క ఓడ, మూడు తెరచాప కొయ్యలూ నిటారుగా నిలబడి ఉన్నాయి. 1894 సెప్టెంబర్ 26న ఒహాయో అనే సరుకుల ఓడని గుద్ది మునిగింది. ఏడుగురిలో అయిదుగురు పోయారు. వాళ్ళు ఎక్కిన పడవ తాడు విప్పుకోలేక ఓడతోపాటే లోపలికి వెళ్ళిపోయింది. ఆ పడవ ఇప్పటికీ ఆ తాడుతో ఓడకి కట్టే ఉంది. ఆ ఫోటో చూశాక మనసు మనసులో లేదు.

అదే ఫోటోలో ఇంకోటి చూడండి. అంచు కనిపించకుండా అంతా క్వాగా ఆలిచిప్పలే. "చల్లటి మంచినీళ్ళలో చెక్క చెడదు, అక్కడే ఉంచడం మంచిది" అని దశాబ్దాలుగా వింటున్నాం. ఆలిచిప్పలు రాకముందు అది నిజం కావచ్చు, ఇప్పుడూ నిజమేనా? స్వీడన్ వాళ్ళు 1628లో మునిగిన వాసాని 1961లో లేపి నిలబెట్టుకున్నారు. ఇన్ని వందల ఓడల్లో గ్రేట్ లేక్స్ వాళ్ళు కనీసం ఒక్కదాన్ని లేపలేరా?

నీటిఅడుగు
ఒకదాన్ని లేపారండీ. ఆల్విన్ క్లార్క్. ఆ కథ తెలిశాక ఈ ప్రశ్న అడగబుద్ధి కాదు.

1846లో మిషిగన్ రాష్ట్రంలో కట్టిన రెండు కొయ్యల స్కూనర్, అంటే తెరచాప ఓడ, అది. 1864 జూన్‌లో మిషిగన్ సరస్సులోని గ్రీన్ బేలో గాలివానకి తిరగబడి మునిగింది. 1967లో ఒక చేపలవాళ్ళ వల దానికి చిక్కుకుంది. వల విడిపించడానికి దిగిన డైవర్ ఫ్రాంక్ హాఫ్‌మన్ కింద ఓడ ఉందని చూశాడు. సుమారు 110 అడుగుల లోతు. రెండేళ్ళు ఒండ్రు తోడి, 1969 జూలైలో పైకి తెచ్చారు. నీళ్ళు తోడేస్తే 105 ఏళ్ళ తర్వాత తనంతట తానే తేలింది! పలకల సందుల్లో కూరిన నార అంత గట్టిగా ఉందన్నమాట.

మెనామినీలో ఒడ్డున ప్రదర్శనకి పెట్టారు. చెక్కని నిలబెట్టే చికిత్సకి డబ్బు రాలేదు. ఎండింది, పగిలింది, వానకి తడిసి మళ్ళీ ఎండింది. డెక్ కూలింది. 1994లో మిగిలింది ముక్కలు చేసి ఎత్తిపోశారు. నూరేళ్ళకు పైగా నీళ్ళలో నిలిచింది, ఒడ్డున పాతికేళ్ళు నిలవలేదు.

తెరచాప_కొయ్య
అది 1969 నాటి మాట. అప్పటికి పద్ధతి తెలియదు. ఇప్పుడు తెలుసు కదా.

పెగ్_పాకం
తెరచాప గారూ, పద్ధతి అప్పటికే తెలుసు. వాసా మీద పాలీ ఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్, 1962 నుంచే చల్లుతున్నారు. ఇక్కడ లేనివి డబ్బూ, ఓపికా.

చెక్కకి ఏమవుతుందో ముందు చెప్తాను. ఏ తెగులూ లేని తెల్ల ఓక్ పలకే అయినా, పచ్చిది ఎండితే కుంచించుకుంటుంది. నిలువునా దాదాపు ఏమీ తగ్గదు. వెడల్పులో, చెట్టు వలయాల వెంబడి కోసిన పలక అయితే, 30 సెంటీమీటర్లకి రమారమి 2 సెంటీమీటర్లు పోతుంది. ఓడ పొట్టకి పక్కపక్కన పేర్చిన పలకలన్నీ తలా 2 సెంటీమీటర్లు తగ్గితే మధ్య సందుల సంగతి ఊహించుకోండి. ఇది మంచి చెక్క లెక్క. నీళ్ళలో నానినదాంట్లో కణాల గోడల్ని బ్యాక్టీరియా సగం తినేసి ఉంటుంది. ఆ కణాల్లో నిలిచిన నీరే గోడల్ని మోస్తుంటుంది. ఆ నీరు ఆవిరవుతూ గోడల్ని లోపలికి లాగేస్తుంది, గోడ పడిపోతుంది. ఎండిన తర్వాత మళ్ళీ నానబెట్టినా పాత ఆకారం రాదు.

పెగ్ చేసే పని, నీటి స్థానంలో తాను కూర్చుని గోడని పట్టుకోవడం. వాసాకి 17 ఏళ్ళు చల్లారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మెల్లగా ఆరబెట్టారు. ఇంగ్లండ్‌లో మేరీ రోజ్‌ని 1982లో లేపి, 1994 దాకా ఉత్త నీళ్ళు చల్లుతూ తడిగా ఉంచారు, 1994 నుంచి 2013 దాకా పెగ్. మొదట చిన్న అణువుల పెగ్ 200, అది లోపలికి పోతుంది. తర్వాత పెద్ద అణువుల పెగ్ 2000, అది పైపొరని గట్టిపరుస్తుంది. వరస మారిస్తే పైన ముందే మూసుకుపోయి లోపల ఖాళీగా మిగులుతుంది.

అంతా అయిపోయాక కూడా వాసాకి 2000లో కొత్త జబ్బు బయటపడింది. స్టాక్‌హోమ్ రేవు మురికినీళ్ళలో చెక్కకి పట్టిన గంధకం, బోల్టుల తుప్పు ఇనుము కలిసి లోపల ఆమ్లం తయారుచేస్తున్నాయి. ఆ తర్వాత వేల బోల్టుల్ని స్టీలువి వేసి మార్చారు. పైకి తీయడం అంటే ఒక ఆసుపత్రి కట్టి దాన్ని శాశ్వతంగా నడపడం.

ఓడరేవు_1867
వాసాతో పోలికలో అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. వాసాలో ఇనుప బోల్టులు మూడొందల ఏళ్ళలో దాదాపు కరిగిపోయాయి. అయినా పొట్ట విడిపోలేదు, ఎందుకంటే పలకల్ని పట్టుకున్నవి వేల ఓక్ చీలలు. చెక్కలో చెక్క దిగ్గొట్టినవి. అందుకే కింద ఆరు సొరంగాలు తవ్వి, తీగతాళ్ళు దూర్చి ఎత్తితే లేచింది.

గ్రేట్ లేక్స్ స్కూనర్లు, అందులో 1860ల తర్వాతవి, చాలామటుకు ఇనుప మేకుల మీదే నిలబడి ఉన్నాయి. పక్క పలకకి చదరపు ఇనుప మేకు, వెన్నుదూలానికి రెండు మూడు అడుగుల ఇనుప కడ్డీ దిగ్గొట్టేవాళ్ళు. చవక, వేగం. ధాన్యం, బొగ్గు, కలప మోసే ఓడ ఇరవై ఏళ్ళు నడిస్తే పెట్టుబడి వచ్చేసినట్టే. కనుక ఈ సరస్సుల్లో ముందు చచ్చేది మేకు, చెక్క తర్వాత. నా దృష్టిలో ఈ చర్చంతా మేకు గురించే జరగాలి.

కోరంగి
మంచినీళ్ళలో మేకు తుప్పు పట్టదనుకున్నా?

ఓడరేవు_1867
పడుతుంది, మెల్లగా. ఉప్పు లేదు, నీళ్ళు 4 డిగ్రీలు, కాబట్టి వందేళ్ళైనా తల మిగిలి ఉంటుంది. ఆలిచిప్పలు ఆ లెక్క మార్చేశాయి. ఒకదాని మీద ఒకటి అరచేతి మందాన పేరుకున్నాక, అడుగు పొరకి ప్రాణవాయువు అందదు. అక్కడ గంధకం మీద బతికే బ్యాక్టీరియా చేరి ఇనుముని తినడం మొదలుపెడతాయి. పైన గుల్ల గట్టిగా కనిపిస్తుంది, కింద మేకు తల వేలితో తోస్తే నల్లటి బురదగా జారిపోతుంది. దానికితోడు ఓక్‌లో ఉండే వగరు ఆమ్లానికీ ఇనుముకీ పడదు, మేకు చుట్టూ చెక్క నల్లగా మెత్తబడుతుంది. పలకని పట్టే మేకు వదులైన రోజున ఆ గుల్లల బరువే పలకని లాగేస్తుంది.

తెరచాప_కొయ్య
నేను చెప్పిందీ అదేగా! కిందే ఉంచితే మేకులు పోతాయి, ఓడ విడిపోతుంది. పైకి తెస్తే పెగ్. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

నీటిఅడుగు
మేకులు వదులైన ఓడని ఎత్తుతానంటున్నారా? తీగతాడు బిగిసిన చోటే పొట్ట రెండుగా విడిపోతుంది. మీ వాదనే మీకు అడ్డం వస్తోంది.

సుపీరియర్_చలి
అన్ని సరస్సులూ ఒకటి కాదు, అది మరవొద్దు. ఆలిచిప్ప గుల్ల కట్టుకోవాలంటే నీళ్ళలో కాల్షియం కావాలి. సుపీరియర్‌లో అది చాలా తక్కువ, అందుకే అక్కడి చెక్క ఓడలు చాలావరకు ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాయి. మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియోల్లోనే బాధ.

ఇంకొకటి, జీబ్రా వేరు, క్వాగా వేరు. జీబ్రా 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించింది, విదేశీ ఓడలు బరువు కోసం నింపుకొచ్చిన నీళ్ళలో వచ్చింది. దానికి గట్టి నేల, వెచ్చని పైనీళ్ళు కావాలి. వెంటనే వచ్చిన క్వాగా చలినీ లోతునీ తట్టుకుంటుంది, ఒండ్రు మీదా బతుకుతుంది. లోతు ఓడలకి ముప్పు క్వాగాది.

పాతపటం
పోలిక కావాలంటే ఒంటారియో సరస్సులో హామిల్టన్, స్కర్జ్ చూడండి. 1812 యుద్ధ కాలపు అమెరికన్ స్కూనర్లు, 1813 ఆగస్టు 8 తెల్లవారుజామున ఒక్క ఈదురుగాలికి రెండూ మునిగాయి. 1973లో దొరికాయి, సుమారు 300 అడుగుల లోతు. 1982లో తీసిన ఫోటోల్లో స్కర్జ్ ముందుభాగాన బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ బొమ్మ, హామిల్టన్‌కి డయానా దేవత బొమ్మ, ముఖంలో ఉలి గీతతో సహా కనిపిస్తాయి. ఫిరంగులు, వాటి పక్కన కత్తులు, అన్నీ. అప్పటికి ఆలిచిప్పల్లేవు. ఇప్పుడు ఆ గీతలు గుల్లల కిందే ఉన్నాయి. 1982లో ఎవరో ఖర్చుపెట్టి ఫోటోలు తీయకపోతే మనకి ఆ ముఖాలే తెలిసేవి కావు.

గోదారి_గట్టు
ఒక అమాయక ప్రశ్న. డైవర్లు దిగి ఏటా గీకేస్తే పోదా?

నీటిఅడుగు
పోదు. ఆలిచిప్ప సన్నటి దారాలతో అతుక్కుంటుంది, ఆ దారాల చివర జిగురు చెక్క పైనారలోకి దిగి ఉంటుంది. గరిటెతో గీకితే గుల్లతో పాటు చెక్క పైపొర లేస్తుంది. ఓడ పేరు రాసిన రంగు, వడ్రంగి గుర్తులు, దూలం మీద చెక్కిన అంకెలు ఉండేది ఆ పైపొరలోనే. పైగా గీకిన చోట నునుపైన కొత్త చెక్క దొరికిందని మరుసటి వేసవికి కొత్త పిల్లలు వచ్చి కూర్చుంటాయి.

తప్పనిసరైతే చిన్న జానెడు చోటు, చేతి గ్లౌజుతో, ఒక్కొక్కటే మెలిపెట్టి తీస్తారు. అదీ అంకె చదవడానికి మాత్రమే, అనుమతి తీసుకుని.

గోదారి_గట్టు
ఏ అంకె?

పాతపటం
అది చాలా పనికొచ్చే అంకె. 1867 నుంచి అమెరికాలో నమోదైన ప్రతి వాణిజ్య ఓడకీ ఒక అధికారిక సంఖ్య ఇచ్చేవాళ్ళు. దాన్నీ, ఓడ టన్నుల లెక్కనీ ప్రధాన దూలం మీద ఉలితో చెక్కాలి. పేరుపలక ఊడిపోయినా ఈ అంకె ఉంటే ఓడ ఎవరో తేలిపోతుంది.

అంకె దొరక్కపోతే కొలతలు. ముందు కొమ్ము నుంచి వెనక చుక్కాని కొయ్య దాకా పొడవు, అతి వెడల్పైన చోట వెడల్పు, డెక్ నుంచి అడుగుకి లోతు. ఈ మూడూ నమోదు పత్రాల్లో అడుగులు, అడుగులో పదో వంతులతో ఉంటాయి. తర్వాత కొయ్యలెన్ని, ఓడ పక్కకి కొట్టుకుపోకుండా నడుమ నుంచి నీళ్ళలోకి దించే పలక ఉండే పెట్టె వెన్నుదూలం నడిమధ్య ఉందా పక్కకి ఉందా, ఏం సరుకు. వెడల్పు 26 అడుగులు, పొడవు 140 దగ్గర ఉంటే ఈరీ, ఒంటారియో సరస్సుల్ని కలిపే వెల్లండ్ కాలువ కోసం కట్టినదని అనుమానించాలి. ఆ రోజుల్లో ఆ కాలువ గేట్ల మధ్య 150 అడుగులు, 26 అడుగుల 6 అంగుళాలే ఉండేది. ఓడని అగ్గిపెట్టెలా చదునుగా, నిటారు పక్కలతో కట్టి సరిగ్గా పట్టేట్టు చేసేవాళ్ళు.

జనం చేసే పొరపాటు, కూలిన ఓడ వెడల్పు కొలవడం. పక్కలు బయటికి వాలిపోతే 26 కాస్తా 34 అవుతుంది. పొడవుని నమ్మండి, వెడల్పుని డెక్ దూలం మీద కొలవండి.

కోరంగి
మన వైపు ఇలాంటివి ఎందుకు దొరకవు? తాళ్ళరేవు, కోరంగిల్లో ఎన్ని చెక్క ఓడలు కట్టారు, 1839 తుపానులో ఎన్ని పోయాయి. ఒక్క నిటారు కొయ్య కనపడదు.

సుపీరియర్_చలి
టెరెడో పురుగు. ఉప్పునీళ్ళలో చెక్కని తొలిచి తినే గుల్లజాతి. విశాఖ రేవులో పరీక్షకి వేలాడదీసే ఉత్త చెక్కముక్కల్ని నెలల్లో తేనెపట్టులా చేసేస్తుంది. మంచినీళ్ళలో అది బతకదు, గ్రేట్ లేక్స్ అదృష్టం అక్కడే ఉంది. మన తీరంలో వెచ్చని నీళ్ళు, పురుగు, గోదారి ఒండ్రు. ఏమైనా మిగిలి ఉంటే ఒండ్రులో లోతుగా కూరుకుపోయిన అడుగుభాగమే, పైది ఉండదు. బాల్టిక్‌లో వాసా మిగిలిందీ అక్కడ ఉప్పు తక్కువై ఆ పురుగు లేకపోబట్టే.

గోదారి_గట్టు
మంచినీళ్ళలో ఏదీ కుళ్ళదన్నమాట, బాగుంది.

పెగ్_పాకం
కుళ్ళుతుందండీ, మెల్లగా. పైన చెప్పిన బ్యాక్టీరియా ప్రాణవాయువు లేని చోట కూడా పనిచేస్తుంది. అయితే 4 డిగ్రీల్లో దానికి తొందర లేదు. కార్నీలియా బి. విండియేట్ చూడండి. 1874లో కట్టారు, 1875లోనే గోధుమలతో పోయింది. హ్యూరాన్ సరస్సులో థండర్ బే దగ్గర 180 అడుగుల పైచిలుకు లోతులో కొయ్యలతో సహా నిలబడి ఉంది.

గోదారి_గట్టు
150 ఏళ్ళు నానిన గోధుమలు. మా అమ్మమ్మ అయితే ఈపాటికి హల్వాకి పాలు తీసేసేది.

తెరచాప_కొయ్య
నవ్వించారు. సరే, ఎత్తడం కుదరదని ఒప్పుకుంటున్నా, కనీసం ఐరన్‌టన్ విషయంలో. చూస్తూ కూర్చోవడం మాత్రం ఒప్పుకోలేను. మామూలు డైవర్ ఏం చేయగలడు?

నీటిఅడుగు
మొదట, చెడగొట్టకుండా ఉండగలడు. లంగరు వేయొద్దు, బోయాకి, అంటే నీటి మీద తేలే డబ్బాకి, కట్టండి. థండర్ బేలో వసంతంలో బోయాలు వేసి, మంచు గడ్డకట్టకముందు తీసేస్తారు. వాటి బరువు దిమ్మ ఓడకి పక్కన నేల మీద ఉంటుంది, గొలుసు ఓడకి తగలదు. మీ లంగరు అయితే గాలికి పడవ తిరిగినప్పుడల్లా ఓడ అంచుని కొక్కెంలా పట్టి పీకుతుంది. ఒక్క మధ్యాహ్నంలో పాతిక అడుగుల అంచు పోవచ్చు.

రెండోది, డెక్ కిందకి దూరొద్దు. మీరు వదిలిన గాలి బుడగలు పైకి పోయే దారిలేక డెక్ కింద గుమిగూడి పలకల్ని పైకి నెడతాయి. మేకులు ముందే నీరసించి ఉన్నాయని పైన చదివారుగా. కెనడాలోని టోబర్‌మోరీలో 1885లో మునిగిన స్వీప్‌స్టేక్స్ 20 అడుగుల లోతులోనే ఉంది, జనం బాగా వస్తారు. దాని డెక్ నిలబెట్టడానికి మరమ్మతులు చేయాల్సి వచ్చింది.

మూడోది, ఏదీ తేవద్దు. చిన్న కప్పీ అయినా సరే. అమెరికా 1987 నాటి కేంద్ర చట్టం ప్రకారం రాష్ట్రాల నీళ్ళలో వదిలేసిన ఓడలు ఆ రాష్ట్రాలవే. మిషిగన్‌లో 1980 నుంచే చట్టం ఉంది.

టేపు_పెన్సిలు
నాలుగోది నేను చెప్తా: కొలవగలడు. వేసవికొకసారి అదే ఓడని అదే పద్ధతిలో ఫోటోలు తీసి త్రీడీ నమూనా చేస్తే ఏ పలక ఎంత కదిలిందో సెంటీమీటర్లలో తెలుస్తుంది. ఓడరేవు గారు చెప్పిన మేకు ఎప్పుడు వదులైందో పట్టించే దారి ఇదొక్కటే.

ముందు ఓడ నాలుగు వైపులా నాలుగు కొలత కడ్డీలు పెట్టండి, మీటరు పొడవు, నలుపు తెలుపు గుర్తులతో. ఓడ మీద ఆనించకుండా నేల మీద పెట్టాలి. వాటి పక్కన లోతు మీటరు అంకె కూడా ఫోటో తీయండి, నిటారుదనం సరిచేయడానికి అది కావాలి. కెమెరా జూమ్ ఒకచోట పెట్టి కదపొద్దు. షట్టర్ 1/125 కంటే నెమ్మది వద్దు. ఓడకి రెండు మూడు మీటర్ల ఎత్తులో పొడవునా వరసలుగా ఈదుతూ, సెకనుకొక ఫోటో. ప్రతి ఫోటో ముందుదానితో ముప్పాతిక వంతు కలవాలి. తర్వాత పక్కలకి కెమెరా 45 డిగ్రీలు వంచి ఒక చుట్టు. లైట్లు కెమెరాకి దూరంగా రెండు చేతుల వెడల్పున పెట్టండి, లేకపోతే నీళ్ళలో నలకలే మెరుస్తాయి.

అందరూ చేసే తప్పు, పొడవునా మాత్రమే ఈదడం. అలా తీస్తే నమూనా అరటికాయలా వంగి వస్తుంది, ఓడ వెన్ను విరిగిందని కంగారుపడతారు. ప్రతి అయిదారు మీటర్లకి ఒక అడ్డ వరస తప్పనిసరి.

ఓడరేవు_1867
దీనికి తోడు టేపు కూడా వేయండి. ముందు కొమ్ము నుంచి వెనక కొయ్య దాకా బిగించి, నాలుగైదు చోట్ల క్లిప్పు పెట్టాలి. పక్క నుంచి నీటి ఒరవడి తగిలితే టేపు విల్లులా వంగి అడుగు తేడా చూపిస్తుంది. నమూనా తప్పొచ్చినప్పుడు పట్టుకునేది ఆ టేపే.

సుపీరియర్_చలి
చలి సంగతి కూడా. 4 డిగ్రీల నీళ్ళలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) మొదటి భాగం గడ్డకట్టి గాలి ఆగకుండా తన్నుకొస్తుంది. చలికి మూత వేసిన రకం వాడండి. పడవ మీద చల్లగాలిలో పీల్చి పరీక్షించొద్దు, ఊపిరి తేమ లోపల మంచవుతుంది. నీళ్ళలో దిగాకే మొదటి ఊపిరి. 130 అడుగులు దాటితే మామూలు శిక్షణ సరిపోదు. రౌస్ సిమన్స్ అనే ఓడ 165 అడుగుల్లో ఉంది, క్రిస్మస్ చెట్లతో 1912 నవంబర్‌లో మునిగినది. చెట్లు ఇంకా సరుకు గదిలో ఉన్నాయని విని చాలామంది ఆశపడతారు.

తెరచాప_కొయ్య
అయితే లోతు తక్కువది చెప్పండి. మొదటి నమూనాకి.

పాతపటం
మిల్వాకీ ఉత్తరాన అపోమాటక్స్. 1896లో కట్టిన 319 అడుగుల ఆవిరి ఓడ, చెక్కతో కట్టిన అతి పెద్దవాటిలో ఒకటి. 1905లో తీరానికి దగ్గరగా ఇసుకకి తగిలింది. 20 అడుగుల లోపే. పొడవెక్కువ కాబట్టి అరటికాయ తప్పు చేస్తే అక్కడే తెలిసిపోతుంది.

తెరచాప_కొయ్య
319 అడుగులంటే అడ్డ వరసలు ఎన్ని?

టేపు_పెన్సిలు
97 మీటర్లు. అయిదు మీటర్లకొకటి చొప్పున ఇరవై. రెండు సిలిండర్ల పని, ఒక్క రోజులో అయిపోతుంది. ఎండ నీళ్ళ మీద ఆడే రోజు తీయొద్దు, 20 అడుగుల్లో అలల నీడలు పలకల మీద పాకుతుంటాయి, సాఫ్ట్‌వేర్ వాటిని పలకలనుకుంటుంది. మబ్బు పట్టిన ఉదయం వెళ్ళండి. ముందు రెండు రోజులు తూర్పు గాలి లేకుండా చూసుకోండి, లేకపోతే ఇసుక లేచి ఏమీ కనపడదు.

తెరచాప_కొయ్య
కొలత కడ్డీలు దేనితో చేయాలి? పీవీసీ పైపు తేలిపోదా?

టేపు_పెన్సిలు
చివర్లు మూసేసి లోపల గాలి నిలిస్తే తేలుతుంది. రెండు చివర్లా రంధ్రాలు వేసి లోపల ఇసుక నింపండి, లేదా అల్యూమినియం చదరపు గొట్టం తీసుకోండి. గుర్తులు స్టిక్కర్లతో వద్దు, చలికి ఊడతాయి. పెయింట్ వేసి, దిగేముందు రోజు మీటరు స్కేలుతో మళ్ళీ కొలిచి అసలు పొడవు పలక మీద రాసుకోండి.